ముక్కులో కొట్టిన మందు

మా పురుగుమందుల కొట్టు పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో, బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉండేది. బోర్డు మీద మా ఆయన పేరే ఉండేది గాని గల్లాపెట్టె ముందు కూర్చునేది నేనే. ఆయనకి గట్టిగా మాట్లాడటం రాదు. ఎవరైనా బేరమాడితే మొహమాటపడి తగ్గించేస్తాడు, అరువడిగితే నవ్వుతాడు. ఆ నవ్వుని అవతలివాడు సరే అన్నట్టు తీసుకుంటాడు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే ఆయన్ని చేల మీద తిరిగి పురుగు చూసొచ్చే పనికి పంపించి, కుర్చీ నేను పట్టాను. నా నోటికి ఊరంతా జడిసేది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకు నేనేమీ బాధపడలేదు.

ఇప్పుడు చెప్పబోయేదంతా ఒక్క మాట దగ్గర మొదలైంది. మా వైపు "మందు" అంటే పత్తికీ మిరపకీ కొట్టేది. జ్వరానికి వేసుకునేది బిళ్ళ, డాక్టరు చేసేది సూది. సాయంత్రం పొలం నుంచి వచ్చాక కొందరు పుచ్చుకునేది కూడా మందే అయినా, ఆ మాట అనేవాడి మొహం చూస్తే తేడా తెలిసిపోతుంది. పొద్దున్నే "మందు కొట్టాలి" అన్నాడంటే భుజాన పంపు ఉంటుంది. చీకటి పడ్డాక అన్నాడంటే పక్కన స్నేహితుడుంటాడు. ఇన్నేళ్ళలో ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. స్వైన్ ఫ్లూ వచ్చాక తప్పింది.

ఆ జబ్బు వచ్చిన మొదటి ఏడు మేం దాన్ని లెక్కచేయలేదు. టీవీలో హైదరాబాదు జనం మూతులకి గుడ్డలు కట్టుకుని తిరుగుతుంటే చూసి నవ్వుకున్నాం. మిరపకాయలు ఎండబోసిన కల్లాల్లో మేం ఏడాదికి రెండు నెలలు అట్లాగే కట్టుకుంటాం, మమ్మల్ని ఎప్పుడైనా టీవీలో చూపించారా? పైగా మా ఊళ్ళో దగ్గు వింటే ఏ జబ్బో ఎవరికి తెలుస్తుంది? కాయలు తొక్కేవాడు దగ్గుతాడు, తాలు ఏరేవాళ్ళు దగ్గుతారు, అటుగా పోతున్న బస్సులో వాళ్ళూ దగ్గుతారు. "పంది జ్వరం" అన్నారని పాపం ఊళ్ళో పందుల్ని మాత్రం పొలిమేర దాటించి తరిమారు. అవి సాయంత్రానికల్లా ఎవరి సందుకి అవి తిరిగొచ్చాయి.

మరుసటి ఏడు వానలు పడ్డాక నా నవ్వు ఆగిపోయింది. గుంటూరులో జ్వరం ఇల్లిల్లూ తిరుగుతోందన్నారు, చీరాలలో ఒక బడి మూశారన్నారు. మా అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ పిల్లికూతలు. మామూలు జలుబు చేసినా సరే, మూడో రోజుకి దాని డొక్కలు ఎగరడం మొదలవుతుంది. ఆ ఎగిరే డొక్కల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న తల్లికి లోకంలో ఇంకే సంగతీ పట్టదు. నాకు భయం వేసింది. నా భయం ఎప్పుడూ కోపంలాగే బయటికొస్తుంది కాబట్టి ఆ వారం మా ఆయన చాలా తిట్లు తిన్నాడు.

పిల్లని తీసుకుని గుంటూరులో ఎప్పుడూ చూపించే చిన్నపిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నింపాది మనిషి.

"టీకా వచ్చిందమ్మా, మన దేశంలోనే చేశారు. ముక్కులో కొడతారు, సూది కూడా ఉండదు" అన్నాడు.

"అయితే ఇప్పుడే కొట్టండి" అన్నాను.

"మీ పాపకి కొట్టకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లలకి అది పడదు. సూదితో ఇచ్చేది ఇంకోటి ఉంది గాని అది ప్రస్తుతానికి పెద్దవాళ్ళకే."

"మరి మా పిల్లని ఏం చేసుకోమంటారండీ?"

"చుట్టూ ఉన్నవాళ్ళకి వేయించండి. ఇంట్లో మీరు, బళ్ళో దానితో కూర్చునే పిల్లలు, ఆ పిల్లల ఇళ్ళల్లో వాళ్ళు. వాళ్ళకి రాకపోతే పాపకి ఎవరు తెచ్చిపెడతారు? అప్పటిదాకా బడికి పంపకపోతేనే మంచిది."

అంత తేలికగా అన్నాడాయన, ఊరు మొత్తం నా పెరట్లో కట్టేసి ఉన్నట్టు.

పిల్లని బడి మాన్పించాను. నాలుగో తరగతి. దాని పక్కన కూర్చునే స్నేహితురాలు రోజూ సాయంత్రం మా ఇంటి కిటికీ కింద సందులో నిలబడి, ఆ రోజు చెప్పిన పాఠమంతా అరిచి వినిపించేది. మా అమ్మాయి లోపల కిటికీ గట్టు మీద కూర్చుని రాసుకునేది. నాలుగు రోజులు సరదాగానే ఉన్నారు. తర్వాత ఒకరోజు మా అమ్మాయి పెన్సిలు పక్కన పడేసింది.

"అందరూ బయటినుంచి నన్ను చూసిపోతున్నారమ్మా. జూలో కోతి నేనే" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కోతిని ఎట్లాగైనా బయటికి తేవాలని ఆ పూటే అనుకున్నాను.

ముందు టీకా దొరకాలి. గుంటూరులో దాన్ని తెప్పించే మెడికల్ ఏజెన్సీకి ఫోన్ చేస్తే "స్టాకు లేదండి" అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. ఇక బస్సెక్కి వెళ్ళాను. టేబుల్ వెనకున్నాయన ముక్తసరిగా, "స్టాకు లేదండి" అన్నాడు.

"మీరు ఫ్యాను వైపు చూస్తున్నారు" అన్నాను.

"ఏమిటండీ?"

"స్టాకు లేదని చెప్పేటప్పుడు నేను పై అర వైపు చూస్తాను. మీరు ఫ్యాను వైపు చూస్తున్నారు. నేనూ ఏజెన్సీల దగ్గర సరుకు తెచ్చి అమ్ముకునేదాన్నే. అసలు సంగతి చెప్పండి."

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, నవ్వేసి, కుర్చీ చూపించాడు. సరుకు వస్తోంది, కానీ పెద్దాసుపత్రులకి పోతోంది. పల్లెటూళ్ళకి పంపితే కరెంటు ఉండదు, చల్లదనం పోతే మందు చచ్చిపోతుంది. చిన్న సీసా ఒక్కటి విప్పితే ఐదుగురికి సరిపోతుంది, విప్పింది ఆ పూటే అయిపోవాలి. ఊళ్ళో ఒకళ్ళొస్తారు, ఇద్దరొస్తారు, మిగతాది పారబోయాలి. ఆ నష్టం ఎవరు భరిస్తారు? అందుకని ఊళ్ళ నుంచి ఎవరడిగినా లేదనేస్తున్నారు. ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది. నాకు ఒళ్ళు మండింది మాత్రం ఆ న్యాయం చూసే.

"డాక్టరు గారిని ఐసు పెట్టెతో సహా మా ఊరు తీసుకెళతాను. ఆదివారం బళ్ళో అందరికీ ఒకేసారి వేస్తారు. ఒక్క సీసా మిగలదు" అన్నాను.

"మిగిలితే వెనక్కి తీసుకోమండీ."

"మిగలదంటున్నానుగా!"

బస్సెక్కాక గాని గుర్తురాలేదు, నేను డాక్టరు గారినీ అడగలేదు, ఊళ్ళో వాళ్ళనీ అడగలేదు. డాక్టరు గారు ఫోన్లో నిట్టూర్చి సరేనన్నాడు. ఇక ఊరు మిగిలింది.

హెడ్మాస్టారు మంచివాడు. విన్న వెంటనే ఒప్పుకున్నాడు. మర్నాడు ప్రార్థన అవగానే పిల్లలందరికీ చెప్పాడు. చెప్పిన మాట మాత్రం ఇది: "ఆదివారం మన బళ్ళో అందరికీ ముక్కులో మందు కొడతారు. ఇంట్లో చెప్పి అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి."

మధ్యాహ్నానికి నా కొట్టు ముందు ఊరు పోగయింది.

"అక్కా, కొట్టేది చేతిపంపుతోనా, తైవాన్ ఇంజను పంపుతోనా?" అని ఒకడు.

"ట్యాంకుకి ఎన్ని మూతలు కలపాలి వదినా?" అని ఇంకొకడు.

"ముక్కులో అయితే నేన్రాను. నోట్లో కొట్టేదైతే నన్నే ముందు పిలువు" అని మూడోవాడు. వాడు పొద్దున కూడా సాయంత్రం మొహమే పెట్టుకుని తిరిగే రకం.

వీళ్ళందరికీ నేను తగ్గట్టే సమాధానాలు చెప్పాను, అవి ఇక్కడ రాయలేను. అంతలో వెనకసందు ముసలామె ఒకావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది. ఎవరో సగం విని సగం చెప్పారట. "పిల్లలకి మందు పోస్తారంటగదే తల్లీ, ఏం పాపం చేశారే వాళ్ళు?" అని నా కొట్టు మెట్టు మీద కూలబడింది. నవ్వుతున్నవాళ్ళంతా మెట్టు దగ్గర నుంచి పక్కకి తప్పుకున్నారు. ఆ రోజుల్లో మా వైపు "వాడు మందు తాగాడు" అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. పత్తి పోయిన ఏళ్ళలో ఆ మాట ఎన్ని ఇళ్ళ ముందు విన్నామో! ముసలామె కొడుకు కూడా ఆ దారినే పోయాడు. నేను బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. అవి చుక్కలు అత్తా, పోలియో చుక్కల్లాంటివే, నోట్లో బదులు ముక్కులో వేస్తారు అని చెప్పి మంచినీళ్ళు తాగించాను. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ దాన్ని "మందు" అనకూడదని గట్టిగా చెప్పాను. హెడ్మాస్టారికీ చెప్పాను. ఆయన చాలా నొచ్చుకుని, మర్నాడు ప్రార్థనలో "చుక్కలు" అని పది రకాలుగా పలికాడు.

మాట మారింది గాని అసలు చిక్కు వేరే ఉంది. అది మా పిల్ల స్నేహితురాలి తాత.

ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. తొంభైలలో పత్తిని పచ్చపురుగు తినేసిన ఏడు, పక్క టౌన్లో ఎక్కడో కొన్న మందు ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. ఆ డబ్బాలో ఉన్నది రంగునీళ్ళని తర్వాత తేలింది. అప్పటి నుంచీ బాబాయ్ మూత తీసి వాసన చూడనిదే ఏ డబ్బా కొనడు. వద్దు బాబాయ్, అది విషం, అట్లా పీల్చకూడదు అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినడు. ముక్కు కాలినట్టుంటే "అసలుదే" అంటాడు. లేకపోతే "డూప్లికేటు" అని మూత బిగిస్తాడు. ఆయన అసలుదన్న డబ్బానే మిగతా ఊరు కొంటుంది. మా కొట్టుకి ఆయన ముక్కే లైసెన్సు.

అలాంటి బాబాయ్, రచ్చబండ దగ్గర నలుగురిలో అన్నాడట: "ఘాటుండదంట, వాసనుండదంట, సూదుండదంట. ఇంకేం పని చేసిద్ది? డూప్లికేటు." అంతే, వస్తామన్న వాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. ఈలోగా ఇంకో మాట పుట్టింది. "సొంత పిల్లకి కొట్టించదంట. ఊళ్ళో పిల్లలకి కొట్టిస్తదంట." ఈ మాట విన్నప్పుడు ఎవరినీ తిట్టకుండా గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టుకున్నాను. నా జన్మలో అట్లా జరగడం అదే మొదలు. ఎందుకంటే అది అబద్ధం కాదు.

శుక్రవారం బాబాయ్ కొట్టుకొచ్చాడు. మిరప వేసే రోజులు దగ్గరపడుతున్నాయి, జొన్న విత్తనం కావాలన్నాడు. ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను, చేతిలోంచి మాత్రం వదల్లేదు.

"నా మీద ఊళ్ళో ఏందేందో అంటన్నావంట" అన్నాను.

"అన్నాను. నీ ఎదురుగా కూడా అంటా. నీ పిల్లకి పడని మందు నా మనవరాలికి కొడతావా అమ్మాయ్? నీ పిల్లే పిల్లా? మాది పిల్ల కాదా?"

"మా పిల్లకి ఆయాసం బాబాయ్. ఆ చుక్కలు దానికి వేయకూడదు. మీ పిల్ల రాయల్లే ఉంటది, దానికేం కాదు. మీ పిల్లకి జ్వరం రాకపోతే మా పిల్లకి రాదు. అందుకని అడుగుతున్నా."

"అంటే నీ పిల్ల కోసం మా పిల్లా?"

ఇక నాకు తిక్కరేగింది. ప్యాకెట్టు ఆయన మొహం ముందు ఊపాను.

"ఇదెందుకు కొంటన్నావు? జొన్న రొట్టెలు తింటావా?"

"రొట్టెలకెందుకు? మిరప తోట చుట్టూ వెయ్యడానికి. నీకు తెలీదా ఏంది?"

"తెలీదు. చెప్పు."

ఆయనకి చేను గురించి చెప్పమంటే కోపం కూడా ఆగిపోతుంది. "తోట చుట్టూ మూడు సాళ్ళు జొన్న వేస్తే గోడల్లే లేచిద్ది. తెల్లదోమ పక్క చేలోంచి ఎగిరొస్తదా, ముందు జొన్న మీద వాలుద్ది. జొన్నకేం కాదు, అది గట్టిది. దోమ అక్కడే ఆగిపోద్ది. లోపలున్న మిరపకి ఆకు ముడుచుకుపోయే బొబ్బర తెగులు అంటదు. మిరప సుకుమారం గదా, దానికి ఒకసారి తెగులు తగిలిందా ఇంక..."

అక్కడ ఆగిపోయాడు. బస్సొకటి వచ్చి ఆగి, జనాన్ని దించి వెళ్ళింది. ఆయన ప్యాకెట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"జొన్నకేం కాదు గదా?" అన్నాడు చివరికి.

"ఏం కాదు బాబాయ్. మా ఆయన, నేను, మా అత్తగారు కూడా జొన్నలమే. నువ్వే చూద్దువుగాని, ఆదివారం మేమే ముందు వేయించుకుంటాం."

ఆయన ప్యాకెట్టు నా చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయాడు. వస్తాననలేదు, రాననలేదు.

ఆదివారం డాక్టరు గారు నర్సుని, ఐసు పెట్టెని కార్లో వేసుకుని వచ్చాడు. బళ్ళో బల్లలు సర్దాం. మేము వేయించుకున్నాం. మా అత్తగారికి డాక్టరు గారు సూదే వేశాడు, ఆవిడకున్న షుగరుకి అదేనన్నాడు. తర్వాత హెడ్మాస్టారు కుటుంబం. ఆ తర్వాత ఎవరూ లేరు. ఊరు ఊరంతా గేటు బయట నిలబడింది, సినిమా టిక్కెట్లు ఇంకా ఇవ్వలేదన్నట్టు. ఐసు కరిగిన నీళ్ళు బల్ల మీద కారుతున్నాయి. ఒక్క సీసా మిగలదని ఫ్యాను కింద కూర్చుని కోసిన నా కోతలన్నీ గుర్తొచ్చాయి. కిటికీలో కూర్చుని ఎదురుచూస్తున్న పిల్ల గుర్తొచ్చింది. దానికి ఇంటికెళ్ళి ఏం చెప్పాలి?

అప్పుడు గేటు దగ్గర జనం పక్కకి జరిగారు. బాబాయ్ తలకి తువ్వాలు చుట్టుకుని, కొడుకునీ కోడలినీ మనవరాలినీ పిన్నినీ వెంటపెట్టుకుని వచ్చాడు. నేరుగా నర్సు ముందు నిలబడ్డాడు.

"మూత తియ్యమ్మా. వాసన చూడాలి."

నర్సు కంగారుపడింది. "మూత తీస్తే ఐదుగురికి వేసెయ్యాలండీ."

"ఐదుగురం వచ్చాంలే. తియ్."

డాక్టరు గారు నా వైపు చూశాడు. నేను తలూపాను. నర్సు మందు కలిపి, సీసా ఆయన ముక్కుకి జానెడు దూరాన పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. బయట జనమంతా ఆయన మొహం వైపే చూస్తున్నారు.

"వాసన లేదు" అన్నాడు. వెంటనే బల్ల మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, "కొట్టు" అన్నాడు.

నర్సు సూది లేని సిరంజితో రెండు ముక్కురంధ్రాల్లోనూ కొట్టింది. ఆయన కాసేపు అట్లాగే ఉండి, ఇంతేనా అన్నట్టు కళ్ళు తెరిచాడు.

"ఏం బాబాయ్, ఘాటుందా? డూప్లికేటా?" అని గేటు దగ్గర నుంచి ఎవడో అరిచాడు.

"జొన్నకి ఘాటెందుకురా? నిలబడితే చాలు" అన్నాడు బాబాయ్, ముక్కు తుడుచుకుంటూ. "ఏరా, ఆడ నిలబడి చూస్తన్నారేంది? రండి."

ఎవరికీ ఆ జొన్న సంగతి అర్థం కాలేదు. అయినా వచ్చారు, ఎందుకంటే పిలిచింది ఆ ముక్కున్న మనిషి. మధ్యాహ్నానికి సీసాలన్నీ అయిపోయి, ఇంకా చాలామంది వరసలోనే మిగిలారు. తమకి అందలేదని నా మీద అరిచారు. నేను వాళ్ళ మీద అరిచాను. ఇన్నాళ్ళూ రామని, ఇప్పుడు లేదంటే పోట్లాటా? నా జీవితంలో అంత సంతోషంగా ఎవరినీ తిట్టలేదు. అక్కణ్ణుంచే గుంటూరు ఏజెన్సీకి ఫోన్ చేశాను. "స్టాకు ఉందండి, పంపిస్తాను" అన్నాడాయన. ఫోన్లో మాట కాబట్టి ఎటు చూస్తున్నాడో తెలియలేదు గాని, వచ్చే ఆదివారానికి పెట్టె పంపాడు. తర్వాత పక్క ఊళ్ళవాళ్ళు కూడా నా నంబరు అడిగి తీసుకుని ఆయనకి చేశారు. ఎవరు చేసినా ముందు, "మొత్తం ఊరంతా ఒకేసారి వస్తారా?" అని అడిగేవాడట. వస్తామంటే పెట్టె కదిలేది.

కొన్ని వారాలు ఆగమన్నాడు డాక్టరు గారు, చుట్టూ ఉన్నవాళ్ళకి చుక్కలు ఒంట పట్టాలి గదా. తర్వాత ఒక సోమవారం మా అమ్మాయికి రెండు జడలు వేసి బడికి పంపాను. మధ్యాహ్నం మనసాగక, అన్నం ఇచ్చే వంకతో వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాను. ఈసారి బయట నిలబడ్డది నేను. బెంచీల వరస మారిపోయి ఉంది. మా పిల్లది మధ్య బెంచీ. ముందు, వెనక, అటు, ఇటు పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. చుక్కలు అందని ఇద్దరు ముగ్గుర్ని మాత్రం దూరంగా గోడవారకి నెట్టారు.

"ఏంటర్రా ఈ కూర్చోవడం?" అని టీచరమ్మ అడిగింది.

బాబాయ్ మనవరాలు లేచి చేతులు కట్టుకుంది. "మేం జొన్నలం టీచర్. అది మిరప. తాతయ్య ఇట్టా కూర్చోమన్నాడు."

నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. బడి ఆయా వచ్చి అన్నం క్యారేజీ అందుకుంది.

ఆ ఏడాది మా పిల్లకి ఒక్కసారి కూడా డొక్కలెగరలేదు. అది చుక్కల గొప్పో, ఆ ఏటి గాలి గొప్పో నేను చెప్పలేను. బాబాయ్ మాత్రం అలవాటు మానలేదు. వచ్చినప్పుడల్లా డబ్బా తీయించి, మూత విప్పి, ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు. కానీ ఆ సంవత్సరం నుంచీ వాసన చూసే ముందు ఒక్క క్షణం ఆగేవాడు.

"లోపలి పంట ఎట్టా ఉందమ్మాయ్?" అనేవాడు.

"బాగుంది బాబాయ్" అని నేను చెప్పాకే మూత విప్పేవాడు.